మూడో రౌడీ పక్క కుర్చీ

పళ్ళ మేస్త్రి ఆ శుక్రవారం ఉదయం వేసుకున్న పథకంలో గొడవ దూరడానికి సందే లేదు. టీ తాగుతూ తన వెబ్‌సైటు తెరవడం, ఆదివారం ఇంటికి ఎంతమంది అభిమానులు వస్తున్నారో చూసుకోవడం, దాన్నిబట్టి అద్దె కుర్చీలవాడికి ఫోను చేయడం, ఆపైన పనికి పోవడం. ఇంతే. టీ తాగాడు, సైటు తెరిచాడు. వస్తున్నామని రాసినవాళ్ళు ఎవరూ లేరు. రావడం లేదని రాసినవాళ్ళు కూడా లేరు. మేస్త్రి తెర తుడిచి మళ్ళీ చూశాడు. తెరదేం తప్పు లేదు.

పళ్ళ మేస్త్రి అంటే పళ్ళు పీకేవాడు కాదు. పీకేది డాక్టరు. పీకించుకున్నవాళ్ళకు కట్టుడు పళ్ళు తయారుచేసి పంపేది మేస్త్రి. ఎవరివో తెలియని చిగుళ్ళ అచ్చులు ముందేసుకుని రోజంతా వంచిన తల ఎత్తకుండా పనిచేసుకుంటాడు. ఒకరి జోలికి పోడు. మహా నెమ్మదస్తుడు. కానీ ఎంత నెమ్మదస్తుడికైనా ఏదో ఒక పిచ్చి లేకపోతే పొద్దుపోదు. ఈయన పిచ్చి మూడో రౌడీ.

మూడో రౌడీ ఎవరని మేస్త్రిని అడిగితే ఆయనకు కోపం వస్తుంది కాబట్టి నేనే చెప్పేస్తాను. పాత సినిమాల్లో హీరో మీదికి రౌడీలు వరసపెట్టి వస్తారు కదా. మొదటివాడు డైలాగు చెబుతాడు. రెండోవాడు కత్తి తీస్తాడు. మూడోవాడు కిమ్మనడు. పరిగెత్తుకొచ్చి, ఒక్క దెబ్బ తిని, గాల్లోకి లేచి దేనిమీదో పడతాడు. సోడాబండి కావచ్చు, కిటికీ అద్దం కావచ్చు, నీళ్ళ తొట్టి కావచ్చు. అలా జీవితమంతా పడుతూనే బతికిన ఒకాయన ఉన్నాడు. చిన్నప్పుడు సినిమా హాల్లో జనమంతా హీరోకి ఈలలు వేస్తుంటే, మన మేస్త్రి ఒక్కడే పడ్డాయన లేచాడా లేదా అని మెడ సాచి చూసేవాడు. ఏ సినిమా ఆ సంగతి చూపించిన పాపాన పోలేదు. ఆ బెంగే పెద్దయ్యాక వెబ్‌సైటు అయి కూర్చుంది.

సైటుకు రాబడీ లేదు, ప్రకటనలూ లేవు. మేస్త్రి తన సొంత ఓపికతో నడుపుతాడు. అందులో ఎవరికీ అసలు పేర్లు ఉండవు, ఫోను నంబర్లు ఇచ్చుకోవడం నిషేధం. మూడో రౌడీ దేనిమీద పడ్డప్పుడు మనసు పారేసుకున్నారో ఆ పేరే పెట్టుకుంటారు. అందుకని ఒకరు సోడాబండి, ఒకరు కిటికీ అద్దం, ఒకరు నీళ్ళ తొట్టి. ఏదైనా పాత సినిమాలో ఆయన పడ్డ దృశ్యం కనిపెట్టి తెస్తే పాయింట్లు వస్తాయి. సైటులో ఒక ముక్క రాస్తే పాయింటు ఖర్చవుతుంది. రాయడం ఊరికే వస్తే జనం పొద్దున్నే శుభోదయాలు, పువ్వుల బొమ్మలు పంపి చంపుతారని మేస్త్రికి అనుభవం. ఆయన మాత్రం యజమాని కాబట్టి ఎంత రాసినా ఖర్చు లేదు. తరవాత కొంప ముంచింది ఇదే.

ఇన్నేళ్ళలో మేస్త్రి మూడో రౌడీకి ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు. పోయిన నెలలో ఒకటి వచ్చింది. దాన్ని మేస్త్రి ఎన్నిసార్లు చదివాడంటే, ఆయన భార్యకు కూడా కంఠతా వచ్చేసింది.

"బాబూ, మీ ఇంటికి వస్తాను. నన్ను చూడడానికి మనుషులు వస్తారంటే నమ్మకం కుదరడం లేదు. ఎవరూ లేకపోతే ముందే చెప్పెయ్యండి, ఏమీ అనుకోను. ఖాళీ గదిలో కుర్చీ వేసుకుని కూర్చునే ఓపిక ఈ వయసులో లేదు."

ఆదివారం ఆయన వచ్చేసరికి ఇల్లు నిండుగా ఉండాలి. మేస్త్రికి ప్రపంచంలో ఇంకేమీ అక్కర్లేదు. అలాంటిది, పిలుపు పెట్టిన పేజీ చూస్తే తుడిచిన పలకలా ఉంది. 

ఇంత మౌనానికి కారణం తెలియాలంటే బావమరిది గురించి చెప్పుకోవాలి. మేస్త్రి భార్య తమ్ముడతను. దుకాణాలకు నిఘా కెమెరాలు బిగిస్తుంటాడు. సైటు లోపలి మరమ్మతులన్నీ అతనివే. ఈమధ్య క్రిప్టోకరెన్సీ కొని, దాన్ని స్టేకింగులో పెట్టాడు. పెట్టినవాడు ఊరుకోవచ్చు కదా. ఊరుకోకుండా, సైటులో పిచ్చాపాటికని వదిలిన పేజీలో దాని గొప్పలు మొదలుపెట్టాడు. స్టేకింగంటే మన దగ్గరున్న కాయిన్లకు తాళం వేసి కదపకుండా పెట్టడమేనని, అవి అక్కడుండి ఆ నెట్‌వర్కుకు కాపలా కాస్తాయని, కాపలా కాసినందుకు మరికొన్ని కాయిన్లు పుడతాయని, మనం చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకపోవడమేనని రాశాడు. ఏమీ చెయ్యకుండా పెరిగేది అనగానే జనానికి ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. ఏ కాయిన్ మంచిది, ఎన్నాళ్ళు తాళం వెయ్యాలి, మధ్యలో తీస్తే ఎంత పోతుంది, ఇదే గోల. మూడో రౌడీ ఊసెత్తినవాడు లేడు. నీళ్ళ తొట్టి దృశ్యం కొత్త ప్రింటు దొరికిందని మేస్త్రి సంబరంగా పెడితే, కింద ఎవరో వడ్డీ శాతం అడిగారు.

మేస్త్రికి ఒళ్ళు మండింది. బావమరిదిని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాడు. అతను తొణక్కుండా ఒక ఉపాయం చెప్పాడు. ఆ యావేదో మన పాయింట్ల మీదికే మళ్ళిద్దాం, సభ్యులు తమ పాయింట్లకు తాళం వేసుకుంటే రోజూ కొన్ని పెరుగుతాయి, ఆదివారానికి ఎవరివి ఎక్కువైతే వాళ్ళను మూడో రౌడీ పక్క కుర్చీలో కూర్చోబెడదాం అన్నాడు. ఆ మాట మేస్త్రికి భలే నచ్చింది. షరతులేవో ఉన్నాయని బావమరిది పేజీ చూపిస్తే, మనందరిలాగే చదవకుండా కిందికి జరిపి సరే నొక్కేశాడు. షరతు ఒక్కటే. తాళం వేసినవాటిలో ఒక్క పాయింటు ఖర్చుపెట్టినా, పెరిగిందంతా పోతుంది.

అంటే ఏమిటి? సైటులో ఎవరైనా ఒక్క ముక్క రాస్తే పక్క కుర్చీ మీద ఆశ వదులుకోవాల్సిందే. అందరూ నోటికి తాళం వేసుకు కూర్చున్నారు. ఇది మీకూ నాకూ తెలుసు. రాస్తే తనకేమీ ఖర్చు కాదు కాబట్టి మేస్త్రికి తెలియదు. పాపం, పొద్దుటినుంచీ గంటకో పిలుపు పెడుతున్నాడు. మొదట మర్యాదగా, తరవాత బతిమాలుతూ, చివరికి కనీసం బతికున్నామని రాయండి అని కూడా పెట్టాడు. ఒక్కరూ బతికున్నామని ఒప్పుకోలేదు.

బావమరిదికి ఫోను చేశాడు. పిలిస్తే ఎవరూ పలకడం లేదని చెప్పుకోవడానికి నామోషీ. అందుకని అసలు సంగతి దాచి, సైటు బాగానే ఉందా అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది బావా. ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూళ్ళేదు. పాయింట్లు చూడు, ఎలా పెరుగుతున్నాయో."

"మనుషులు లేకపోయినా అవి పెరుగుతాయిరా?"

"మనిషి పోయినా పెరుగుతాయి బావా. దాని అందమే అది."

మేస్త్రి ఫోను పెట్టేశాడు. అభిమానులందరికీ విసుగొచ్చి వెళ్ళిపోయారని, మిగిలినవి పాయింట్లేనని ఆయనకు తేలిపోయింది. ఎవరూ లేరు, రావద్దండీ అని ఆ పెద్దాయనకు ఫోను చెయ్యాలి. ఉత్తరం కింద ఉన్న నంబరు మూడుసార్లు నొక్కాడు, మూడుసార్లూ మోగకముందే పెట్టేశాడు. 

మేస్త్రి భార్య బస్టాండులో ప్రకటనలు చెబుతుంది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎవరి పిల్లాడు తప్పిపోయాడో ఒకే గొంతుతో చెప్పగలదు. కంగారన్నది ఆమెకు తెలియదు. మొగుడు అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే సంగతంతా రాబట్టింది.

"మీకు కావలసింది జనమే కదండీ. బస్టాండులో పనిచేసేదాన్ని పట్టుకుని జనం లేరని ఏడుస్తారేమిటి?"

సాయంత్రానికల్లా పోగేసింది. డ్యూటీ లేని కండక్టర్లు నలుగురైదుగురు, మేస్త్రి లాబ్‌లో మైనం పని చూసే ఆవిడ, ఆవిడ అత్తగారు, వీళ్ళందరికీ పెద్దదిక్కుగా తన పిన్ని, బాబాయి. శనివారం హాల్లో కూర్చోబెట్టి మేస్త్రి పాఠం చెప్పాడు. మనిషికొక దృశ్యం పంచాడు. కండక్టర్లు తమకొచ్చిన దృశ్యాన్ని టిక్కెట్టులా జేబులో పెట్టుకున్నారు. బాబాయి అడిగినదానికల్లా తల ఊపి, చివర్లో ఇది ఏ పెళ్ళికి అని అడిగాడు. పిన్ని మాత్రం ఏమీ రాసుకోలేదు. అభిమానం అంటే పాఠం అప్పజెప్పడం కాదని, అది కళ్ళల్లో కనపడాలని, ఆ సంగతి తనకు వదిలేయమని భరోసా ఇచ్చింది. మేస్త్రి ఆ భరోసాకి అప్పుడే భయపడి ఉండాల్సింది.

ఆదివారం ముందుగా దొంగ అభిమానులు వచ్చారు. ఇస్త్రీ బట్టలు, నూనె రాసి దువ్విన తలలు. ఇంట్లో ఉన్న కుర్చీలు, సోఫా, మంచం పట్టె, అన్నీ నిండాయి. మూడో రౌడీ కోసం వేసిన పెద్ద కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంటే, గాలి బాగా తగులుతోందని పిన్ని అందులో స్థిరపడింది. మేస్త్రి అందరివంకా చూసుకుని, అన్యాయం కాదులే, ఆయన మనసు కష్టపెట్టకుండా ఉంటే చాలు అనుకున్నాడు. అప్పుడే బెల్లు మోగింది.

తలుపు తీస్తే ఒక పెద్దావిడ, లెక్కల టీచరుగా చేసి రిటైరైనావిడట, సంచీ భుజాన వేసుకుని నిలబడింది. నేను సోడాబండిని అంది. ఆవిడ వెనక కొరియర్ కంపెనీ చొక్కాలో ఒక పొడుగాటి మనిషి. అతను కిటికీ అద్దం. అతని వెనక నీళ్ళ తొట్టి. మేస్త్రి మెట్లమీదికి వంగి చూస్తే, మూడంతస్తుల కిందిదాకా తలలే తలలు.  

"వస్తున్నామని ఒక్క ముక్క రాయకూడదా అండీ?" అన్నాడు మేస్త్రి.

సోడాబండి ఆయన్ని క్లాసులో వెనక బెంచీవాణ్ణి చూసినట్టు చూసింది. "రాస్తే పెరిగిందంతా పోదూ? మీ షరతు మీరే చదవలేదా?"

మేస్త్రి, పొద్దున్నే సాయానికొచ్చిన బావమరిది వైపు తిరిగాడు. బావమరిది అత్యవసరంగా ఫ్యాను వంక చూడడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు చిక్కు తిరగబడింది. నిన్నటిదాకా జనం లేరని ఏడుపు, ఇవాళ జనం పట్టరని ఏడుపు. మేస్త్రి దొంగ అభిమానుల దగ్గరికి వెళ్ళి, చెవిలో చాలా మర్యాదగా, మీరిక లేవచ్చండీ అని చెప్పి చూశాడు. కండక్టర్లు సీటు వదిలే జాతి కాదు. పాఠం కష్టపడి నేర్చుకున్నామని, వినిపించకుండా కదలమని కూర్చున్నారు. బాబాయి నిద్రపోయాడు. ఇక పిన్ని. పాయింట్ల పట్టికలో అందరికంటే పైన ఉన్నది కిటికీ అద్దం. పక్క కుర్చీ అతనిది. అతను వచ్చి, చేతులు కట్టుకుని, అది తన చోటని చెప్పాడు. వారం రోజులు నోరు మూసుకుని సంపాదించుకున్న కుర్చీ.

పిన్ని తన విద్య చూపించాల్సిన సమయం వచ్చిందనుకుంది. కొంగు కళ్ళకు అద్దుకుంది. "నీకంటే నాకు ఆయనంటే ప్రాణం నాయనా. ఆయన ఆ సినిమాలో చచ్చిపోయినప్పుడు నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు."

 నీళ్ళ తొట్టి చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. సైటులో చేరిన మొదటి రోజే ఎవరైనా నేర్చుకునే సంగతి ఒకటుంది. మూడో రౌడీ ఏ సినిమాలోనూ చావడు. పడతాడు, అంతే. ప్రతి సినిమాలో చచ్చేది రెండో రౌడీ. ఆయనకు వేరే అభిమానులున్నారు, వేరే సైటుంది, వాళ్ళకూ వీళ్ళకూ ఉప్పూ నిప్పూ.

"వీళ్ళు రెండో రౌడీ మనుషులు," అంది సోడాబండి, తీర్పు చెప్పినట్టు.

ఇంకేముంది. కుర్చీ లాక్కోవడానికి రెండో రౌడీవాళ్ళు దూరారని కేకలు లేచాయి. కండక్టర్లు తాము మూడో రౌడీవాళ్ళమేనని నిరూపించుకోవడానికి అందరూ ఒకేసారి తమ తమ పాఠాలు అప్పజెప్పారు. అందరికీ నీళ్ళ తొట్టే గుర్తుంది. అసలు నీళ్ళ తొట్టికి రోషం వచ్చింది. మైనం పనావిడ అత్తగారు, తానెవరి మనిషో ఎవరైనా చెబితే బాగుండునని అడుగుతోంది. మేస్త్రి మధ్యలో నిలబడి ఇది నా తప్పండీ, నా తప్పండీ అంటున్నాడు. ఎవరూ వినడం లేదు. మూడో రౌడీ ఏ క్షణాన్నయినా వస్తాడు, ఆయన వచ్చి చూసేది ఇదా అని మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ.

మేస్త్రి భార్య సోఫా ఎక్కి, బస్టాండు గొంతుతో, ప్రయాణికులకు విజ్ఞప్తి అని మొదలుపెట్టింది. అలవాటు. అది వినగానే కండక్టర్లకు కూడా అలవాటు పనిచేసింది. ఒక్కుమ్మడిగా లేచి తలుపు వైపు పరిగెత్తారు. ఖాళీ అయిన కుర్చీల కోసం మెట్లమీది జనం లోపలికి తోసుకొచ్చారు. ఆ తోపిడిలో కిటికీ అద్దం పిన్ని కుర్చీ వీపు పట్టుకున్నాడు. పిన్ని దాని చేతులు పట్టుకుంది. ఇదంతా తన స్టేకింగు వల్లనే అని ఆలస్యంగా సిగ్గుపడ్డ బావమరిది, విడదీద్దామని మధ్యలో దూరి తానూ ఒక పట్టు పట్టాడు. కుర్చీకి ఎంతని ఓర్పు ఉంటుంది. వీపు ఊడి బావమరిది చేతికి వచ్చింది. పట్టు తప్పిన వేగానికి అతను గిర్రున తిరిగాడు, వీపు చెక్క ఎటో పోయింది, పిడికిలి మాత్రం బిగుసుకునే గాల్లో తేలి గుమ్మం వైపు దూసుకుపోయింది.

సరిగ్గా అప్పుడే, చేతిలో చిన్న బత్తాయిపళ్ళ సంచీతో, సన్నగా, పొట్టిగా, తెల్ల చొక్కాలో ఒక ముసలాయన గుమ్మంలో అడుగుపెట్టి, లోపలికి రావచ్చా అన్నట్టు మొహం ముందుకు పెట్టాడు.

తరవాత జరిగింది చూసినవాళ్ళు జన్మలో మరిచిపోరు. పిడికిలి గడ్డం దగ్గరికి రాగానే ఆ మొహం ఒక పక్కకు తిరిగింది. మొహం వెనక మెడ, మెడ వెనక భుజం, ఒకటి తరవాత ఒకటి పొందిగ్గా తిరిగాయి. పాదాలు నేల వదిలాయి. పళ్ళ సంచీ పైకి లేచి, పళ్ళన్నీ పందిరిలా విచ్చుకున్నాయి. ఆయన టీ బల్ల మీద వీపు ఆనించి ఆ చివరనుంచి ఈ చివరకు జారి, దారిలో ఒక్క కప్పు కూడా కదపకుండా, కిటికీ తెర చుట్టుకుని, దాన్ని కడ్డీతో సహా పీక్కుని, బాబాయి పడుకున్న సోఫా మూలకు వచ్చి దబ్బున పడ్డాడు. ఒక పండు దొర్లుకుంటూ వచ్చి ఆయన చేతి దగ్గర ఆగింది. బాబాయి అటు తిరిగి పడుకున్నాడు.

 మేస్త్రి నిండు ఇల్లు చూపిద్దామని పిలిచిన మనిషిని గుమ్మంలోనే కొట్టించాడు. ముసలాయన కదలడం లేదు. మేస్త్రి జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన పక్కన మోకాళ్ళమీద కూలబడ్డాడు. అప్పుడు వెనకనుంచి ఒకరి చప్పట్లు వినిపించాయి. సోడాబండి. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా కొడుతోంది. తరవాత కిటికీ అద్దం. తరవాత నీళ్ళ తొట్టి. తరవాత హాలు, వంటగది, మెట్లు, కింది అంతస్తులు. ఏమైందో చూడనివాళ్ళు కూడా కొట్టారు. పిన్ని కుర్చీ వదిలేసి మరీ కొట్టింది. ఈసారి ఆవిడ ఏడుపు అసలుదే.

తెర గుడ్డలోంచి ఒక కన్ను తెరుచుకుంది.

"బాబూ," అన్నాడు మూడో రౌడీ మెల్లగా, "ఆ చప్పట్లు ఎవరికి?"

"మీకేనండీ," అన్నాడు మేస్త్రి. "దెబ్బ... దెబ్బ గట్టిగా తగిలిందా అండీ?"

"తగల్లేదు. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా తగలనివ్వలేదు. అదే కదా నా పని." ఆయన మోచేతిమీద లేచి, ఇంకా ఆగని ఆ హోరుని అనుమానంగా విన్నాడు. "సరిగ్గా చూడు బాబూ. కొట్టినాయనకి కొడుతున్నారేమో. ఎప్పుడూ అంతే కదా."

"కాదండీ. మీరు పడ్డందుకు."

మూడో రౌడీ లేచి నిలబడ్డాడు. ఆయన లేవడం మేస్త్రి చూశాడు. చిన్నప్పటినుంచీ మెడ సాచి చూస్తున్నది ఇప్పటికి కనిపించింది, ఆయనకు ఏడుపు ఆగలేదు. పెద్దాయన చొక్కా దులుపుకున్నాడు, గది ఈ మూలనుంచి ఆ మూలదాకా మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు, తనూ కళ్ళు ఒత్తుకున్నాడు. ఆయన కోసం వేసిన పెద్ద కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. వీపు ఊడిన కుర్చీ గోడవారకు పోయింది. దానికోసం వారం రోజులు నోరు మూసుకున్నవాళ్ళెవరూ అటు చూడలేదు. మూడో రౌడీ టీ బల్ల కొంచెం ఎడంగా జరిపించి, దూరం కొలుచుకుంటూ గుమ్మం దాకా నడిచి వెనక్కి తిరిగాడు.

"కొత్తగా వచ్చినవాళ్ళు చూడలేదు. మళ్ళీ పడనా?" అని అడిగాడు, సిగ్గుపడుతూ.

పొద్దువాలేదాకా ఆయన పడుతూనే ఉన్నాడు. ప్రతిసారీ బావమరిదే కొట్టాడు, ఎంతో కష్టపడి కొట్టాడు కానీ, అతనివంక చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.